ఆసుపత్రిలో కాన్పు: నెలలు నిండుతుంటే అందరూ అడిగే ప్రశ్నలు

ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సుగా రోజూ వినే ప్రశ్నలివి. కొన్ని గర్భిణులు అడిగేవి, కొన్ని వాళ్ల అమ్మలు, అత్తగార్లు వరండాలో ఆపి అడిగేవి. వీటిలో చాలావాటికి జవాబు ఎనిమిదో నెలకల్లా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. నొప్పులు మొదలయ్యాక ఎవరికీ ఆలోచించే తీరిక ఉండదు, కంగారే ఉంటుంది. బీపీ, షుగర్, కవలలు, మాయ కిందికి ఉండటం, ఇదివరకు ఆపరేషన్ జరగడం లాంటివి ఉంటే మాత్రం ఇక్కడ రాసినదాన్ని పక్కనపెట్టి మీ డాక్టర్ చెప్పిందే పాటించండి.

తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్తున్నాను. ఎప్పుడు వెళ్తే మంచిది?

ఎనిమిదో నెలలో ప్రయాణం చేయించరు కాబట్టి మనవాళ్లు ఏడో నెలలో శ్రీమంతం కాగానే తీసుకెళ్తారు, లేదంటే తొమ్మిదో నెల వచ్చేదాకా ఆగుతారు. నన్నడిగితే ముందు వెళ్లడమే మేలు. కాన్పు చేయబోయే డాక్టర్ మిమ్మల్ని కనీసం రెండు మూడుసార్లైనా చూసి ఉండాలి. తొమ్మిదో నెలలోనే వెళ్లాల్సి వస్తే, దిగిన రెండు మూడు రోజుల్లో అక్కడి ఆసుపత్రిలో పేరు నమోదు చేయించుకోండి. బయల్దేరేముందు ఇక్కడి ఏఎన్‌ఎంకి ఒక మాట చెప్పండి. తల్లీబిడ్డల కార్డు మీద ఉన్న నమోదు నంబరుతో పుట్టింటి ఊళ్లో కూడా మీ వివరాలు దొరుకుతాయి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు డాక్టర్ ఉచితంగా పరీక్ష చేస్తారు, కొత్త ఊళ్లో మొదటిసారి చూపించుకోవడానికి అది అనువైన రోజు.

ప్రభుత్వాసుపత్రా, ప్రైవేటా? ఎలా తేల్చుకోవాలి?

బిల్డింగు చూసి తేల్చుకోకండి. రాత్రి రెండింటికి అక్కడ ఎవరుంటారో కనుక్కోండి. ఆ వేళలో కాన్పుల డాక్టర్ ఆసుపత్రిలోనే ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా? మత్తు డాక్టర్, పిల్లల డాక్టర్ ఎంతసేపట్లో చేరుకోగలరు? రక్తం ఎక్కడినుంచి తెస్తారు? బిడ్డకు ఊపిరి ఇబ్బంది అయితే ఇక్కడే చూస్తారా, వేరేచోటికి పంపుతారా? నొప్పుల సమయంలో తోడుగా ఒకరిని లోపలికి రానిస్తారా? ఈ ప్రశ్నలు అడిగితే విసుక్కోని ఆసుపత్రి మంచి ఆసుపత్రి.

డబ్బు సంగతికొస్తే, ప్రభుత్వాసుపత్రిలో మామూలు కాన్పయినా సిజేరియన్ అయినా ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. 2011 నుంచి అమల్లో ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రానుపోను వాహనం అన్నీ ఉచితం. పుట్టిన బిడ్డకు జబ్బు చేసినా ఉచితంగానే చూస్తారు. ఎవరైనా చెయ్యి చాపితే సూపరింటెండెంట్‌కు చెప్పండి. బిడ్డ పుట్టిన సంతోషంలో ఇచ్చేస్తాం అనుకుంటారు గానీ, మీ తర్వాత వచ్చే కూలి తల్లిని కూడా అదే అడుగుతారు. నగదు పథకాల పేర్లు, మొత్తాలు ప్రభుత్వాన్ని బట్టి మారుతుంటాయి, మీ ఆశా కార్యకర్తను అడిగి ఐదో నెలలోపే బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చేయండి.

బ్యాగులో ఏమేం పెట్టుకోవాలి?

అన్నిటికన్నా పైన ఫైలు. అడ్మిషన్ రాసేటప్పుడు నేను మొదట అడిగేది బ్లడ్ గ్రూప్ రిపోర్టు. చాలాసార్లు అది బ్యాగు అడుగున, చీరల కింద, ఏదో మందుల షాపు కవర్లో మడిచి ఉంటుంది. ఆమె నొప్పికి మంచం కమ్మీ పట్టుకుని నిలబడి ఉంటే, పక్కన వాళ్లమ్మ ఒక్కో బట్టా తీసి నేలమీద పెడుతూ వెతుకుతుంటుంది. అందుకే తల్లీబిడ్డల కార్డు, బ్లడ్ గ్రూప్, స్కానింగులన్నీ, ఇద్దరి ఆధార్ జిరాక్సులు, ఇన్సూరెన్స్ ఉంటే ఆ కార్డు ఒకే ఫైల్లో పెట్టి, ఆ ఫైలు ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి చెప్పి ఉంచండి. రిపోర్టులన్నిటికీ ఫోన్లో ఫొటోలు తీసుకోండి.

మీకు ముందువైపు తెరుచుకునే నైటీలు మూడు నాలుగు, లోదుస్తులు, పెద్ద సైజు ప్యాడ్లు, చెప్పులు, దువ్వెన, గ్లాసు, ఫ్లాస్కు, ఫోన్ ఛార్జర్. బిడ్డకు ఉతికి ఎండలో ఆరేసిన పాత నూలు చీర ముక్కలు పది పన్నెండు, టోపీ, మేజోళ్లు, కప్పడానికి మెత్తటి దుప్పటి. కొత్తబట్టలు ఉతక్కుండా వేయకూడదు. పాల డబ్బా, పాల సీసా మాత్రం తేవద్దు. బంగారం ఇంట్లోనే పెట్టి రండి, గాజులు కూడా తీసేస్తే సెలైన్ పెట్టేటప్పుడు సులువు.

ముప్పై ఆరో వారానికి బ్యాగు సర్ది తలుపు దగ్గర ఉండాలి.

దొంగ నొప్పులా, అసలు నొప్పులా, ఎలా తెలుస్తుంది?

తొలిచూలు వాళ్లందరికీ ఉండే టెన్షన్ ఇది. చివరి నెలలో పొట్ట అప్పుడప్పుడూ బిగిసి వదులుతుంటుంది. కాసేపు నడిచినా, పడుకున్నా, రెండు గ్లాసుల నీళ్లు తాగినా అది తగ్గిపోతే దొంగ నొప్పి. అసలు నొప్పి ఏం చేసినా ఆగదు. సాధారణంగా నడుము వెనకనుంచి మొదలై పొత్తికడుపులోకి వస్తుంది, పొట్టమీద చెయ్యి వేస్తే రాయిలా తగులుతుంది. గంట గంటకీ దగ్గర పడుతుంది, ఎక్కువసేపు ఉంటుంది, ఎక్కువ బాధపెడుతుంది. నొప్పి వచ్చినప్పుడు మాట మధ్యలో ఆగిపోతున్నారంటే అది అసలుదే అనుకోవచ్చు.

ఫోన్లో గడియారం పెట్టుకుని ఒక కాగితం మీద రాయండి: నొప్పి మొదలైన టైము, ఎంతసేపుంది, మళ్లీ ఎప్పుడొచ్చింది. ఈ పని భర్తకో అక్కకో అప్పగిస్తే ఇంకా మంచిది, వాళ్లకీ చేతినిండా పని ఉంటుంది. ఐదు నిమిషాలకొకసారి, ఒక్కోటి దాదాపు నిమిషం పాటు, అలా గంటసేపు వస్తే బయల్దేరండి. రెండో కాన్పయితే అంతదాకా ఆగొద్దు, త్వరగా అయిపోతుంది. ఊరికి ఆసుపత్రి దూరమైతే, మధ్యలో వాగు ఉంటే, వర్షాకాలమైతే, ఇంకా ముందే కదలాలి. వాగు పొంగే ఊళ్లవాళ్లు డేట్‌కు వారం పది రోజుల ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేరుకోవడం మంచిది.

జిగటగా, కాస్త నెత్తుటి చారతో తెల్లబట్ట పడితే గర్భసంచి ముఖద్వారం మెత్తబడుతోందని అర్థం. దానికొక్కదానికే పరుగెత్తక్కర్లేదు, నొప్పులు అదే రోజు రావచ్చు, కొన్ని రోజులు పట్టవచ్చు.

నొప్పులు లేకపోయినా వెంటనే రావాల్సిన సందర్భాలు ఉంటాయా?

ఉంటాయి. ఈ జవాబు ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చదివి వినిపించండి.

ఉమ్మనీరు పోతే రావాలి. ఒక్కసారిగా భళ్లున పోవచ్చు, లేదా ఆపుకోలేనట్టు కొద్దికొద్దిగా కారుతూనే ఉండవచ్చు. ప్యాడ్ పెట్టుకుని రంగు చూడండి. తేటగా, లేత గులాబీగా ఉంటే కంగారు లేదు కానీ రావాలి. ఆకుపచ్చగా, గోధుమరంగులో ఉంటే బిడ్డ లోపలే మలవిసర్జన చేసిందని అర్థం, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు.

నెలసరిలా రక్తం పోతే, నొప్పి ఉన్నా లేకపోయినా రావాలి.

బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపిస్తే రావాలి. భోంచేసి ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కపెట్టండి, రెండు గంటల్లో పది కదలికలు తెలియాలి. తెలియకపోతే అది రాత్రయినా అమావాస్యయినా బయల్దేరండి. చివరి నెలలో చోటు చాలక బిడ్డ కదలదు అని కొందరు పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. అది నిజం కాదు. కాన్పు దాకా బిడ్డ కదులుతూనే ఉంటుంది. కొంచెం చూద్దాం, తెల్లారాక వెళ్దాం అని ఆగిపోయి వచ్చినవాళ్లను చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. పది సార్లు వచ్చి పది సార్లూ బాగానే ఉందని తేలి ఇంటికెళ్లినా మేమేమీ అనుకోం.

తలనొప్పి తగ్గకపోవడం, కళ్ల ముందు మసకలు, మెరుపులు, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం ఒక్కసారిగా ఉబ్బడం ఇవన్నీ బీపీ గుర్తులు. గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని పడుకోవద్దు. బీపీ 140/90 దాటితే డాక్టర్ చూడాల్సిందే, వదిలేస్తే ఫిట్స్ రావచ్చు. జ్వరం వచ్చినా రావాలి. నెలలు నిండకముందే నొప్పులొస్తే మరీ త్వరగా రావాలి, బిడ్డ ఊపిరితిత్తులకు బలమిచ్చే ఇంజక్షన్ సమయానికి పడితే చాలా తేడా ఉంటుంది.

108కి ఫోన్ చేస్తే వస్తుందా? సొంత బండిలో వెళ్లొచ్చా?

108 కాన్పు కేసులకూ వస్తుంది, దారిలోనే కాన్పయ్యేలా ఉంటే చేయగల శిక్షణ ఉన్న మనిషి అందులో ఉంటారు. ఫోన్ చేసేటప్పుడు ఊరు, గుడో బడో ఏదో ఒక గుర్తు, ఎన్నో కాన్పు, ఎన్ని నిమిషాలకు నొప్పులొస్తున్నాయో చెప్పండి. కాన్పయ్యాక ఇంటికి దించే 102 వాహనాలు వేరే, వాటిని తెలంగాణలో అమ్మఒడి అని, ఆంధ్రప్రదేశ్‌లో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ అని పిలుస్తారు. కారో ఆటోనో సిద్ధంగా ఉంటే అందులో రావచ్చు. బైక్ మీద వద్దు.

ఆసుపత్రికి వచ్చాక ముందు ఏం చేస్తారు?

బీపీ, జ్వరం, నాడి చూస్తాం, బిడ్డ గుండె చప్పుడు వింటాం, గర్భసంచి ముఖద్వారం ఎంత తెరుచుకుందో లోపల పరీక్ష చేస్తాం. పాతకాలంలో ఎన్ని వేళ్లు అనేవాళ్లు, ఇప్పుడు సెంటీమీటర్లలో చెబుతాం. ఐదు సెంటీమీటర్ల నుంచి కాన్పు ఊపందుకుంటుంది, పది అయితే పూర్తిగా తెరుచుకున్నట్టు. మొదటి ఐదింటికే తొలి కాన్పులో చాలా గంటలు, ఒక్కోసారి రోజు పైన పట్టవచ్చు. అందుకే రెండు సెంటీమీటర్ల దగ్గర వచ్చినవాళ్లను కొన్నిసార్లు ఇంటికెళ్లి రమ్మంటారు. మిమ్మల్ని పట్టించుకోలేదని బాధపడకండి, సొంత ఇంట్లో నడుస్తూ, తింటూ గడపడం లేబర్ రూము మంచం మీద గడపడం కంటే హాయి. లోపలి పరీక్ష చేసే ముందు మీకు చెప్పాలి, తెర వేయాలి. చెప్పకుండా చేస్తే ఆగమని అడిగే హక్కు మీకుంది.

ఎనిమా ఇవ్వడం, షేవింగ్ చేయడం అందరికీ అవసరం లేదు.

లోపలికి తోడు ఎవరు వస్తే బాగుంటుంది?

మీకు ఎవరి దగ్గర సిగ్గు ఉండదో వాళ్లు. అమ్మ కావచ్చు, అక్క కావచ్చు, భర్త కావచ్చు. పక్కన తెలిసిన మనిషి ఉంటే మామూలు కాన్పు అయ్యే అవకాశం పెరుగుతుందని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి, ప్రభుత్వాసుపత్రుల్లో కూడా ఒకరిని రానివ్వాలన్నది కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకం. చాలాచోట్ల ఆడవాళ్లనే అనుమతిస్తారు, లేబర్ రూములో పక్క మంచాల మీద వేరేవాళ్లు కూడా ఉంటారు కదా. భర్తే కావాలనుకుంటే ముందుగా అడగండి.

వచ్చేవాళ్లు చేయాల్సింది నడుము రాయడం, నీళ్లు తాగించడం, నడిపించడం. "ఇంతమాత్రానికే అరుస్తావా, మేం కనలేదా" అనే వాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా బయటే ఉంటే మంచిది. ఈ మాట సిబ్బందికీ వర్తిస్తుంది. నొప్పులు పడుతున్న మనిషి మీద కేకలు వేయడం తప్పు, ఎక్కడ జరిగినా తప్పే.

నొప్పి తట్టుకోలేనేమోనని భయం. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో సూదితో ఇచ్చే మత్తు) తీసుకుంటే నడుంనొప్పి జీవితాంతం ఉంటుందంటారు, నిజమా?

నిజం కాదు. సూది గుచ్చినచోట కొన్నిరోజులు నొప్పి ఉండవచ్చు, అంతే. కాన్పు తర్వాత వచ్చే నడుంనొప్పి ఎపిడ్యూరల్ తీసుకోనివాళ్లకూ వస్తుంది. మత్తు డాక్టర్ ఎప్పుడూ అందుబాటులో ఉండే పెద్ద ఆసుపత్రుల్లోనే ఇది దొరుకుతుంది, కాబట్టి ముందే కనుక్కోవాలి. బిడ్డను తోసే ఘట్టం కాస్త ఎక్కువసేపు పట్టవచ్చు, బీపీ తగ్గవచ్చు, అందుకు దగ్గరుండి చూస్తారు. తీసుకోవడం, తీసుకోకపోవడం రెండూ మీ ఇష్టం. దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

ఎపిడ్యూరల్ లేకుండా కూడా చేయగలిగింది చాలా ఉంది. వెల్లకిలా పడుకోవద్దు. నడవండి, గోడకు చేతులు ఆనించి ముందుకు వంగండి, పీట మీద కూర్చోండి, పక్కకు తిరిగి పడుకోండి. గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయనిస్తే చేయండి. నొప్పి వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టకుండా నోటితో నెమ్మదిగా వదలండి. నొప్పి తగ్గిన ఆ రెండు మూడు నిమిషాలూ పూర్తిగా వదులైపోవడం నేర్చుకున్నవాళ్లు అలసిపోరు. ఇది తొమ్మిదో నెలలో రోజూ కాసేపు ఇంట్లో సాధన చేయొచ్చు.

నొప్పుల మధ్య తినొచ్చా?

డాక్టర్ వద్దనకపోతే తేలిగ్గా తినొచ్చు. ఇడ్లీ, జావ, మజ్జిగ, కొబ్బరినీళ్లు, అరటిపండు. ఆపరేషన్ అవసరం కావచ్చు అనుకున్నప్పుడు ఆపమంటారు.

కుట్లు తప్పవా?

అందరికీ కత్తెర పెట్టాల్సిన పని లేదు. తొలి కాన్పులో చిన్న చిన్న చీలికలు వస్తాయి, వాటికి కొన్ని కుట్లు పడతాయి, అవి వాటంతటవే కరిగిపోతాయి. పూర్తిగా తెరుచుకోకముందే, మీకు ముక్కాలని అనిపించకముందే ముక్కితే వృథా శ్రమ. బిడ్డ తల బయటికొచ్చేటప్పుడు "ఇక ముక్కొద్దు, ఊదు" అని చెబుతాం, ఆ ఒక్క క్షణం మా మాట వింటే చీలిక చాలావరకు తగ్గుతుంది. పొట్ట మీద పైనుంచి గట్టిగా నొక్కడం మాత్రం ప్రమాదం, వద్దని చెప్పండి.

మంచి ముహూర్తం ఉంది, ఆ టైముకు ఆపరేషన్ చేయించుకోవచ్చా?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద అది 21.5. మన ఆడవాళ్ల శరీరాలేమీ వేరు కాదు. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, ముహూర్తం వాటిలో ఒకటి.

ముహూర్తం అడిగే కుటుంబాలకు బిడ్డ మీద ప్రేమ లేక కాదు, ఉండబట్టే అడుగుతారు. అందుకే ఆ ప్రేమతోనే ఇదీ ఆలోచించండి. 39 వారాలు నిండకముందు, నొప్పులు రాకముందు కోసి తీసిన పిల్లలకు ఊపిరి సరిగా ఆడక పిల్లల ఐసీయూలో పెట్టాల్సిన అవసరం ఎక్కువ. మంచి ఘడియలో పుట్టిన బిడ్డ మొదటి రోజులు తల్లికి దూరంగా అద్దాల పెట్టెలో గడుపుతుంది. ముహూర్తం తెల్లవారుజామున పడితే ఆ వేళలో సిబ్బంది తక్కువ. పైగా ఒక కోత పడ్డాక తర్వాతి గర్భంలో మాయ ఆ కుట్టు మీద అతుక్కునే ముప్పు ఉంటుంది, ప్రతి ఆపరేషన్‌తో అది పెరుగుతుంది.

డాక్టర్ వేరే కారణంతో ఆపరేషన్ తప్పదన్నప్పుడు, 39 వారాలు దాటాక, పగటిపూట డాక్టర్ చెప్పిన రోజుల్లోనే మంచి సమయం చూసుకుంటే ఎవరికీ నష్టం లేదు. ముహూర్తం కోసం ఆపరేషన్ పెట్టుకోవడాన్నే నేను వద్దంటాను. బిడ్డ ఎప్పుడు పుట్టినా ఆ ఘడియకు జాతకం రాయించుకోవచ్చు.

పేగు మెడకు చుట్టుకుందన్నారు, నీరు తగ్గిందన్నారు. ఇక ఆపరేషనేనా?

పేగు మెడకు చుట్టుకోవడం నలుగురైదుగురు పిల్లల్లో ఒకరికి ఉంటుంది, వాళ్లలో ఎక్కువమంది మామూలుగానే పుడతారు. తల బయటికి రాగానే మేము దాన్ని వేలితో తీసి పక్కకు తప్పిస్తాం. స్కానింగులో అది కనిపించినంత మాత్రాన ఆపరేషన్ అక్కర్లేదు, బిడ్డ గుండె చప్పుడు ఎలా ఉందన్నదే ముఖ్యం. ఉమ్మనీరు ఎంత తగ్గిందో అంకె అడగండి. స్కానింగులో ఉమ్మనీటిని కొలిచే సూచీ ఐదుకన్నా తక్కువైతే తక్కువ అంటారు, అప్పుడు కూడా చాలామందికి నొప్పులు తెప్పించి చూడొచ్చు.

బిడ్డ అడ్డంగా ఉండటం, మాయ ముఖద్వారానికి అడ్డుపడటం, గుండె చప్పుడు పడిపోవడం, నొప్పులు బలంగా ఉన్నా గంటల తరబడి తెరుచుకోకపోవడం, తీవ్రమైన బీపీ లాంటివాటికి ఆపరేషన్ ప్రాణాలు కాపాడుతుంది. అలాంటప్పుడు సంతకం పెట్టడానికి ఊళ్లో ఉన్న మామగారికి ఫోన్ చేసి అడిగేంత సమయం ఉండదు. మీ సంతకం మీరే పెట్టొచ్చు, ఆ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఆపరేషన్ అయినవాళ్లను తక్కువగా చూసే మాటలు వినిపిస్తే చెవిన పెట్టకండి.

మొదటిది సిజేరియన్. రెండోది మామూలుగా కనొచ్చా?

చాలామంది కనొచ్చు. ప్రయత్నించినవాళ్లలో నూటికి 60 నుంచి 80 మందికి మామూలు కాన్పవుతుంది. మొదటి కోత అడ్డంగా కిందిభాగంలో పడి ఉండాలి, ఎందుకు చేశారో తెలియాలి, ఏ క్షణంలోనైనా ఆపరేషన్ చేయగల ఆసుపత్రి అయి ఉండాలి. అందుకే పాత డిశ్చార్జి కాగితం పారేయకుండా దాచుకోండి.

డేట్ దాటిపోయింది, నొప్పులు రాలేదు.

డేట్ అన్నది అంచనా. సరిగ్గా ఆ రోజునే కనేవాళ్లు చాలా తక్కువ. ఏ ఇబ్బందీ లేకపోతే 41 వారాల దాకా కనిపెట్టి చూస్తారు, ఆ తర్వాత మందుతో నొప్పులు తెప్పిస్తారు. ఆముదం తాగడం, ఊళ్లో ఆర్‌ఎంపీతో నొప్పుల ఇంజక్షన్ చేయించుకోవడం చేయకండి. ఆ ఇంజక్షన్ మోతాదు మించితే గర్భసంచే చిరిగిపోవచ్చు.

బిడ్డ పుట్టగానే ఏం చేస్తారు? తేనె నాకించొచ్చా?

తుడిచి, నేరుగా తల్లి గుండెల మీద పడుకోబెడతాం. బొడ్డుతాడు ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి కత్తిరిస్తే మాయలో ఉన్న రక్తం బిడ్డకు చేరుతుంది. గంటలోపు ముర్రుపాలు పట్టించాలి, సిజేరియన్ అయినా సరే. మొదట వచ్చేవి చెంచాడే, పసుపుపచ్చగా, చిక్కగా ఉంటాయి. పుట్టిన బిడ్డ పొట్టకు అంతే చాలు. పాలు పడలేదని డబ్బా పాలు మొదలుపెడితే బిడ్డ తాగడం తగ్గి నిజంగానే పాలు పడవు.

తేనె, పంచదార నీళ్లు, వస, ఆముదం ఏవీ వద్దు. ఆరు నెలలదాకా నీళ్లు కూడా అక్కర్లేదు. మొదటి స్నానం ఒక రోజు ఆగి చేయిస్తే బిడ్డ ఒళ్లు చల్లబడదు. విటమిన్ కె ఇంజక్షన్, బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా పడ్డాయో లేదో కార్డులో చూసుకోండి. తల్లిది నెగటివ్ గ్రూపు, బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు తల్లికి యాంటీ-డి ఇంజక్షన్ పడాలి. దీన్ని మాత్రం మర్చిపోకండి.

బాలింతకు నీళ్లు ఇవ్వకూడదంటున్నారు, పథ్యం ఎంతవరకు?

నీళ్లు తగ్గిస్తే పాలు తగ్గుతాయి, మలబద్ధకం వచ్చి కుట్ల దగ్గర బాధ ఎక్కువవుతుంది. దాహం ఉన్నంతా తాగాలి. వెల్లుల్లి కారం, కాయం, పాతబియ్యం అన్నం ఇష్టమైతే పెట్టండి, వాటితో పాటు పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, పండ్లు కూడా పెట్టండి. రక్తం పోయిన మనిషి, పాలిచ్చే మనిషి, ఒట్టి కారం మెతుకులతో కోలుకోలేదు. ఐరన్, కాల్షియం మాత్రలు ఆరు నెలలు ఆపకూడదు.

ఇంటికెళ్లాక దేనికి వెనక్కి రావాలి?

గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసిపోయేంత రక్తం, జ్వరం, దుర్వాసన, ఒకే కాలు వాచి నొప్పి, ఊపిరాడకపోవడం, తగ్గని తలనొప్పి. కాన్పయ్యాక కూడా ఆరు వారాల దాకా బీపీ పెరగవచ్చు. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, డొక్కలు ఎగరేసినా, పుట్టిన రోజే పచ్చబడినా, తర్వాత అరచేతులు, అరికాళ్ల దాకా పసుపు వచ్చినా ఆలస్యం చేయొద్దు. బాలింత కారణం లేకుండా ఏడుస్తూ, బిడ్డను చూడాలనిపించక, నిద్రపట్టక రెండు వారాలు దాటితే దిష్టి తీసి ఊరుకోకండి, అది వైద్యం ఉన్న జబ్బు.

జనన ధ్రువపత్రం ఏ ఊళ్లో తీసుకోవాలి?

బిడ్డ ఏ ఊళ్లో పుడితే ఆ ఊళ్లోనే నమోదు. పుట్టింట్లో కాన్పయితే, అత్తవారింటికి వెళ్లేముందే ఆ పని చూసుకోండి. 21 రోజుల్లోపు ఉచితం, సాధారణంగా ఆసుపత్రివాళ్లే వివరాలు పంపుతారు. ఫారంలో తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయో లేదో సంతకానికి ముందు చదవండి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టినతేదీకి ఇదే రుజువు. బారసాల కాలేదని నమోదు ఆపక్కర్లేదు, పేరు లేకుండా చేయించి, ఏడాదిలోపు ఫీజు లేకుండా చేర్పించుకోవచ్చు.